క్లామత్ నదీ బంధవిమోచనము

అమెరికా సంయుక్తరాష్ట్రములలో పసిఫిక్ తీరమున క్లామత్ అను నది యొకటి కలదు. అది ఆరెగాన్ రాష్ట్రమునందలి యొక విశాలమైన సరస్సున బయలుదేరి, కొండలను చీల్చుకొని, కాలిఫోర్నియా రాష్ట్రపు ఉత్తరభాగమున సముద్రమును గలియును. పొడవు 250 మైళ్లకు పైచిలుకు. ఈ నదికి అడ్డముగా నున్న నాలుగు ఆనకట్టలను 2023, 2024 సంవత్సరములలో పెకలించివేసిరి. వరద వచ్చి కొట్టుకొనిపోలేదు. శత్రువులు దండెత్తి పడగొట్టలేదు. వాని యజమానియైన కంపెనీయే సమ్మతించి, రెండు రాష్ట్రముల ప్రభుత్వములు అంగీకరించి, కేంద్రాధికారుల యుత్తరువు పుచ్చుకొని, మందు పెట్టి పగులగొట్టి, యంత్రములతో త్రవ్వి, రాయియు మన్నును మోసివేసిరి. ఇంతవరకు లోకమున జరిగిన యానకట్టల తొలగింపులలో నింత పెద్దది లేదని చెప్పుచున్నారు. ఇంతయు దేనికొరకు? ఒక చేప యేటికెదురు పోవుటకు.

ఈ వార్త చదివి మనవారిలో నవ్వువారు కొందరుందురు. పిచ్చి ముదిరి రోకలి తలకు చుట్టమన్నట్లున్నదని యందురు. ఆనకట్ట యనగా అన్నపూర్ణ యని నమ్మిన దేశము మనది. ఆ నమ్మకము అకారణమైనదియు కాదు. కావున నవ్వువారిని నిందింపబోము. అయితే ఆ నాలుగానకట్టలు ఎవరి మేలునకు కట్టబడినవో, ఎవరి నోటిముందరి కూడు తీసివేసినవో, తుదకు వానిని తీయించినవారెవరో తెలిసికొనిన పిమ్మట నవ్వుటయో మానుటయో పాఠకులే నిర్ణయించుకొందురు గాక.

ముందుగా చేప సంగతి. సాల్మన్ అను నీ మత్స్యము కొండవాగుల చల్లని నీటిలో గులకరాళ్ల నడుమ పుట్టును. కొంతకాలమచ్చట పెరిగి, ప్రవాహముతో దిగి, సముద్రమును చేరి, కొన్నియేండ్లు ఉప్పునీట సంచరించి, బలిసి, పిదప తాను పుట్టిన యేటినే వెదకుకొనుచు మరలివచ్చును. జన్మస్థానపు నీటి వాసనను అది మరువదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. నదిలో ప్రవేశించినది మొదలు మేత ముట్టదు. ఒంటి కొవ్వునే కరగించుకొనుచు వందలమైళ్లు ఎదురీది, పుట్టినచోటనే గ్రుడ్లుపెట్టి, అచ్చటనే ప్రాణము విడుచును. ఆ కళేబరములను ఎలుగుబంట్లు, గ్రద్దలు తినును. మిగిలినది క్రుళ్లి యొడ్డుచెట్లకు ఎరువగును. సముద్రమునుండి చేప మోసికొనివచ్చిన నత్రజని ఆ చెట్ల కలపలో కనిపించుచున్నదని పరీక్షించినవారు వ్రాసిరి. నదులు కొండల సారమును సముద్రమునకు చేర్చుట యెల్లరెరుగుదురు. సముద్రపు సారమును తిరిగి కొండకెక్కించు వాహనమిది.

ఇట్టి ప్రాణికి నదిలో నీరున్నంతమాత్రమున చాలదు. కొండచరియలమీది యడవి కొట్టివేసినచో నీడపోయి నీరు వేడెక్కును. మన్ను జారివచ్చి గులకరాళ్ల సందులు పూడ్చును. గ్రుడ్లు ఊపిరాడక చచ్చును. ఎక్కడనో పదిక్రోసుల యెగువ వంకరగా వేసిన బండిబాట చాలును, దిగువనున్న యొక వంశమంతయు నశించుటకు. కావున ఈ చేపను కాపాడుట యనగా నది నొక్కదానిని కాపాడుట కాదు. ఆ నదికి వాననీరు జారు ప్రతి కొండను, వాగును, పొలమును కనిపెట్టియుండుట. క్లామత్‌కు దక్షిణమున మాటోల్ అను చిన్ననది కలదు. 1980 ప్రాంతమున అచ్చటి నివాసులు, ఏ సర్కారువారును పురికొల్పకయే, మరలివచ్చిన కొలదిచేపలను పట్టి, గ్రుడ్లను పెట్టెలలో పొదిగించి, పిల్లలను నదిలో విడిచిరి. కొండలు జారిపోవుచుండగా పెట్టెలతో పొదిగించి ప్రయోజనము లేదని వారికి త్వరలోనే బోధపడినది. పిదప చెట్లు నాటిరి, బాటలు సరిచేసిరి, పశువులమందలు గల భూస్వాములతో తగవులాడి, కొంతమందితో పొత్తు కుదుర్చుకొనిరి. ఆ సంఘములో పనిచేసిన ఫ్రీమన్ హౌస్ అను నాతడు 1999లో ఆ చరిత్రను పుస్తకముగా ప్రకటించెను. భూమిగలవారు చదువదగిన పుస్తకము.

ఇక క్లామత్. ఆ నదిమీద యూరక్, కరూక్, హూపా, ఎగువసరస్సు చెంత క్లామత్, మోడాక్ మొదలగు జాతులవారు తెల్లవారి రాకకు పూర్వమే నివసించుచుండిరి. సాల్మనే వారి ముఖ్యాహారము, వర్తకము, ఉత్సవము. ఒకప్పుడు సంయుక్తరాష్ట్రముల పశ్చిమతీరమున ఈ మత్స్యసమృద్ధికి మూడవదిగా పేరొందిన నది యిది. 1864లో ఎగువజాతులవారితో ప్రభుత్వము సంధి చేసికొని, వారి విస్తారమైన భూములను పుచ్చుకొని, మిగిలిన కొలదిప్రాంతమున చేపలు పట్టుకొను హక్కు వారికి విడిచిపెట్టెను. సంధిపత్రము పెట్టెలో భద్రముగా నున్నది. చేపలు మాత్రము రాలేదు. ఏలయన 1918లో విద్యుచ్ఛక్తి కంపెనీ కాప్కో అను మొదటి యానకట్టను పూర్తిచేసి నదిని మూసివేసినది. దానికి చేపలదారి పెట్టలేదు. 1925లో రెండవది, 1958లో మూడవది లేచెను. 1960 తరువాతి తొలియేండ్లలో అన్నిటికంటె దిగువను 173 అడుగుల యెత్తున ఐరన్‌గేట్ అను నాలుగవది లేచెను. పేరునకు తగినట్లే అది యినుపతలుపు.

ఒక సంగతి భూస్వాములైన పాఠకులు ప్రత్యేకముగా గమనింపవలెను. ఈ నాలుగానకట్టలును ఒక్క యెకరమునకైన సేద్యపునీరు ఇచ్చినవి కావు. వరదల నాపుట కుద్దేశించినవియు కావు. విద్యుచ్ఛక్తికొరకు కట్టినవి, ఆ శక్తియైనను కంపెనీ మొత్తపుటుత్పత్తిలో నూటికి రెండుపాళ్లకు లోపు. నిలువనీరు వేసవిలో వేడెక్కి, విషపు పాచి పట్టి, పిల్లలు స్నానమాడరాదని యొడ్డున హెచ్చరికలు కట్టవలసివచ్చెను. ధవళేశ్వరముతో దీనిని పోల్చుట పొరపాటు.

దిగువనున్న యూరకుల కథ వేరు. వారికి చేప కొంత దక్కినది గాని పట్టుకొనుట నేరమైనది. తాతముత్తాతల రేవులో వల వేసినవానిని దొంగయని పట్టుకొనిరి. 1969లో రేమండ్ మాట్జ్ అను యూరకు యువకుని యైదువలలను రాష్ట్రాధికారి జప్తుచేసెను. ఆతడు జుల్మానా కట్టి యూరకుండక వ్యాజ్యము వేసెను. ఆ వ్యాజ్యము అత్యున్నతన్యాయస్థానము దాక పోయి, యూరకుల ప్రాంతము చట్టరీత్యా యింకను వారిదేయని 1973లో తీర్పు వచ్చెను. తీర్పు వచ్చినను 1978లో ఫెడరల్ ప్రభుత్వము నదిమీద చేపలవేట నిషేధించి సాయుధులను దింపెను. ఉత్తరమున వాషింగ్టన్ రాష్ట్రములో బిల్లీ ఫ్రాంక్ అను నిస్క్వాలీ జాతీయుడు ఇట్టి హక్కుకొరకే పదునాలుగేండ్ల ప్రాయమున, 1945లో, మొదటిసారి పట్టువడి, తరువాత ఏబదిసార్లకు పైగా చెరకు పోయెను. అచ్చటి న్యాయాధిపతి బోల్ట్ 1974లో సంధులను చదివి, పట్టదగిన చేపలలో సగము ఆ జాతులదని తీర్పు చెప్పెను. సముద్రమున నుప్పు తీసికొనుట నేరమైన కాలమును, అడవిలో పుల్లయేరుకొనుట నేరమైన కాలమును చూచిన జాతికి ఈ కథ వివరించి చెప్పనక్కరలేదు.

అయితే పగవారెవరు? ఇచ్చటనే విషయము చిక్కుపడినది. ఎగువసరస్సు చుట్టును 1905లో ప్రభుత్వము పెద్ద నీటిపారుదల పథకమును ప్రారంభించినది. చిత్తడినేలల నెండగట్టి, రెండు మహాయుద్ధములనుండి మరలిన సైనికులకు పంచిపెట్టినది. ప్రభుత్వపు మాట నమ్మి వచ్చి, రెక్కలు ముక్కలు చేసికొని, బంగాళాదుంపలు, గడ్డి, ధాన్యము పండించిన కుటుంబములవి. వారును మోసగాండ్రు కారు. ఒకే నీటిని ఇద్దరికి విక్రయించిన వర్తకునివలె, ప్రభుత్వము ఒకే నదిని జాతులకు సంధిమూలమునను, రైతులకు పట్టామూలమునను వాగ్దానము చేసినది. వానలు కురిసినంతకాలము ఈ రెండు పత్రములును పెట్టెలో కలహింపక యుండెను.

2001లో క్షామము వచ్చినది. చేపలరక్షణకై చట్టము కోరుచున్నదని చెప్పి, ఆయకట్టుకు నీరు చాలవరకు మూసివేసిరి. పైరులు మాడిపోయినవి. క్లామత్ ఫాల్స్ పట్టణమున వేలాదిజనులు వీధులలో బారులుదీరి సరస్సునుండి కాలువవరకు బకెట్లతో నీరందించుకొని నిరసన తెలిపిరి. కొందరు తలుపులే యెత్తివేసిరి. మరుసటియేడు దొరతనమువారు రైతులపక్షమునకు మొగ్గి, మంత్రియే వచ్చి కాలువతలుపులు తెరచెను. ఆ సెప్టెంబరున దిగువ నదిలో నీరు సన్నగిలి, వేడెక్కి, ఎదురీదవచ్చిన చేపలు ఇరుకున చిక్కి, మొప్పలు క్రుళ్లు రోగముతో చచ్చినవి. ప్రభుత్వపు లెక్కయే 34,000 పైచిలుకు. యూరకుల లెక్క అంతకు హెచ్చు. ఒడ్డంతయు శవములు. ఒక యేడు రైతుకు, ఒక యేడు చేపకు మరణశాసనము వ్రాసి, దానికి పరిపాలనమని పేరు పెట్టిరి!

ఆ దుర్గంధమునుండియే ఉద్యమము పుట్టినది. అంతవరకు తమలో తాము సరిపడని జాతులవారు కూడిరి. కంపెనీకి అనుమతి గడువు 2006లో ముగియనుండెను; క్రొత్త యనుమతి కావలెనన్న ప్రజల మాట వినక తప్పదు. అప్పుడా కంపెనీ స్కాట్లాండువారి చేతిలో నుండెను. 2004లో ఈ నదీతీరపు జనులు వేలమైళ్లు ప్రయాణముచేసి, ఎడిన్‌బరోలో వాటాదారుల వార్షికసభ యొద్దకుపోయి, తమ నది గోడు వెళ్లబోసికొనిరి. సాల్మను నెరిగిన దేశము గనుక స్కాటులు చెవియొగ్గి వినిరి. ఇంతలో కంపెనీ చేతులు మారి వారెన్ బఫెట్ అను అమెరికా కుబేరుని వశమైనది. మనవారు విడిచిరా? ఒమాహాలో ఆతని వాటాదారుల సభకును పోయిరి. "మనవారు" అని వ్రాసితిమి, దిద్దుటకు మనసొప్పలేదు.

కంపెనీ దయతలచి లొంగినదని యెవరును భ్రమపడరాదు. క్రొత్త యనుమతి కావలెనన్నచో నాలుగింటికిని చేపలదారులు కట్టితీరవలెనని ఫెడరల్ శాఖలు షరతు పెట్టినవి. లెక్క వేయగా దారులు కట్టుటకంటె ఆనకట్టలు తీసివేయుటయే చౌకయని తేలినది. ధర్మము చెప్పినప్పుడు వినబడని చెవికి జమాఖర్చు వినబడినది. పోనిండు, విన్నందుకు సంతోషమే. కంపెనీ గుండె కరుగువరకు కూర్చుండక, చట్టములోని షరతును, జమాఖర్చులోని యంకెను పట్టుకొని లాగుట ఆ నాయకుల వివేకము.

2010లో రెండొడంబడికలు కుదిరినవి. ఒకటి యానకట్టల తొలగింపునకు. రెండవది నీటి పంపకమునకు. రెండవదానిలో రైతులకు నికరమైన నీటి భరోసా, జాతులకు నదీపునరుద్ధరణము కలవు. తొమ్మిదేండ్ల క్రిందట బకెట్లు పట్టినవారును, శవములు లెక్కపెట్టినవారును ఒకే బల్లకడ కూర్చుండి చేవ్రాళ్లు చేసిరి. హూపావారు మాత్రము తమ హక్కునకు హాని కలుగునని చేరలేదు. వారి యనుమానము నిష్కారణమనజాలము. అయితే కాంగ్రెసుసభ రెండవ యొడంబడికను ఆమోదింపలేదు. ఐదేండ్లు త్రిప్పి త్రిప్పి 2015 చివర దానిని చావనిచ్చిరి. స్థానికులు కష్టించి కుదుర్చుకొన్న రాజీని దూరపు రాజధానిలో కూర్చున్నవారు పాడుచేయుట మనమెరుగనిదా? ఆనకట్టల ముచ్చట మాత్రము 2016లో కాంగ్రెసుతో పనిలేని దారిని మరల నడచి, 2022 నవంబరు 17న తుదియుత్తరువు పొందినది.

వ్యయము సుమారు 45 కోట్ల డాలర్లు. అందు 20 కోట్లు కంపెనీ ఖాతాదారులు చెల్లించిన రుసుము. 25 కోట్లు కాలిఫోర్నియా ప్రజలు ఓటువేసి మంజూరుచేసిన ఋణము. ఎదురుచెప్పినవారును కలరు. ఆనకట్టలలో మూడు గల సిస్కియూ జిల్లాలో 2010లో ప్రజాభిప్రాయము నడుగగా నూటికి డెబ్బదిమందికి పైగా తీయవద్దనిరి. కాప్కో జలాశయపు టొడ్డున ఇండ్లు కట్టుకొన్నవారికి తెల్లవారునప్పటికి సరస్సు పోయి బురద మిగిలినది. 2024 జనవరిలో జలాశయములను వదలినప్పుడు నది నల్లబారినది. బురదలో జింకలు కూరుకొనిపోయినవి. ఆ ఫిబ్రవరిలో కేంద్రమునుండి విడిచిన 8 లక్షలకు పైగా పిల్లచేపలు ఐరన్‌గేట్ సొరంగము గుండ పోవుచు చచ్చినవి. ఎంచినవారు వానికి సిద్ధపడలేదు, అది తప్పే. ఉద్యమపక్షమువారు ఈ సంగతులను కప్పిపుచ్చుట మేలుకాదు.

ఆ బురదమీద జాతులవారు చేసిన పని మాత్రము చెప్పుకొనవలెను. సంవత్సరములతరబడి కొండలలో స్వదేశపు గడ్డి, పూలమొక్కల విత్తనములేరి, పెంచి, వృద్ధిచేసి, వేయికోట్లకు పైబడిన గింజలు చల్లిరి. 2024 అక్టోబరు ఆరంభమునకు ఆనకట్టలు పూర్తిగా పోయినవి. ఆ నెల సగము గడచునప్పటికే ఆరెగాన్ రాష్ట్రములో స్పెన్సర్ వాగున సాల్మను కనబడినది. 1912 తరువాత ఆ రాష్ట్రపు క్లామత్ నీటిలో అదే మొదటిది. మరుసటియేడు, 2025 శరత్తున, చేపలు ఇంకను మీదికెక్కి ఎగువసరస్సును దాటి, సంధిపత్రము వ్రాసిన జాతులవారి యేళ్లలో ప్రవేశించినవి. దారి చూపుటకు ముదుసలిచేప యేదియు మిగిలియుండలేదు. వంద సంవత్సరములకు పైగా ఏ తరమును చూడని నీరది.

దిగువను గూడ పని జరిగినది. సముద్రమునకు చేరువను బ్లూక్రీక్ అను చల్లనివాగు కలదు. ఎదురీదు చేపలు వేసవిలో అందు దిగి, ఒడలు చల్లార్చుకొని, మరల బయలుదేరును. దాని చుట్టునున్న కొండలు కలపకంపెనీవి. 2009 మొదలు విడతలుగా కొని, 2025లో ఆ క్రయము ముగించి, మొత్తము 73 చదరపుమైళ్లు యూరకులకు తిరిగి యప్పగించిరి. రొక్కమిచ్చి కొనిరి, బలాత్కారము లేదు. అయినను తమదే తాము తిరిగి పొందుటకు ఇంతకాలమేల పట్టెనని అడుగువారికి జవాబు లేదు.

మనకును ఇట్టి చేప యొకటి కలదు. సముద్రమున విలసయై పెరిగి, గోదావరికి ఎర్రనీరు దిగినప్పుడు ఎదురెక్కి పులసయగును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత గోదావరిజిల్లాలలో నెవరెరుగరు? 1852లో పూర్తియైన ధవళేశ్వరపు టానకట్ట డెల్టాకు ప్రాణము పోసినది. దానిని తీయుమని యెవరైన కోరినచో మేమే మొదట నడ్డుపడుదుము. అయితే అదే కట్ట ఈ చేపకు ఎగువదారి మూసినది. ఆనకట్టలు వలసచేపలకు చేటగుచున్నవని మత్స్యశాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ డే 1873నాటి తన నివేదికలోనే చర్చించెను. 1975లో గంగపై ఫరక్కా బారేజి వచ్చినపిదప, ప్రయాగవరకు ఎక్కుచుండిన యీ జాతి చేప అచ్చట అరుదైపోయినది. పులస ధర యేటేట పెరుగుచున్నదని పత్రికలు వింతగా వ్రాయుచున్నవి. ధర పెరుగుట కీర్తి కాదు, కరవు. గ్రుడ్లతో ఎదురువచ్చు చేపను రేవురేవునను వల పన్ని పట్టుచు, సన్నకన్నుల వలలతో పిల్లచేపలను గూడ ఊడ్చుచు, ఎవరిని నిందింతుము? కనీసము వరదదినములలో కొన్నిటనైన వేట మాని, కొత్తగా కట్టు ప్రతి బారేజికిని చేపలదారి తప్పనిసరి చేయుట జాలరులకును, తినువారికిని, సర్కారునకును కూడని పని కాదు.

క్లామత్ వివాదము ముగిసినదని యనుకొనరాదు. సరస్సుకు దిగువను కీనో, లింక్‌రివర్ అను రెండు కట్టలింకను కలవు. అవి సేద్యమునకు ఉపయోగపడునవి గనుక ఉండవలసినవే. సరస్సు నీరు ఎరువుల మురికితో పచ్చబారుచున్నది. పశ్చిమరాష్ట్రముల నీటిచట్టమున ముందు వాడినవానిదే ముందు హక్కు. ఆ సూత్రమును తెల్లవారే చేసిరి. దానినే పట్టుకొని, అనాదినుండి వాడుచున్నవారి హక్కే అన్నిటికంటె ముందని 2013లో ఆరెగాన్ అధికారులు నిర్ణయింపవలసివచ్చినది. 2021 క్షామమున ఆయకట్టు ప్రధానకాలువకు చుక్కయైన వదలలేదు. ఆ యేడే దిగువను పిల్లచేపలు రోగముతో రాశులుగా చచ్చినవి. ఆనకట్టలు పోయినంతమాత్రమున వాన కురియదు.

ఇప్పుడు క్రొత్త చిక్కు. శతాబ్దముపైగా చేపయెరుగని పొలాలకాలువల మూతులలోనికి దిగునప్పుడు పిల్లసాల్మనులు దారితప్పి ప్రవేశించి, పైరులలో పడి ఎండిచచ్చును. పెక్కు కాలువలకు అడ్డుతెరలు లేవు. తెర కట్టని రైతును చేపను చంపినవాడని చట్టము పట్టుకొనగలదు. ఇది న్యాయమా? చేప తిరిగివచ్చుట రైతు కోరినది కాదు. పూర్వము పోవుటయు ఆతడు చేసినది కాదు. ఆనకట్టలు తీయుటకు ప్రజాధనము వెచ్చించినట్లే, కాలువ మూతులకు తెరలు కట్టుటకును ప్రజాధనమే వెచ్చింపవలెను. 2015లో చావనిచ్చిన నీటి యొడంబడికను కాంగ్రెసువారు మరల బల్లమీదికి తేవలెను. తెచ్చునప్పుడు హూపావారిని ముందు పిలువవలెను. తెరల పని మాత్రము ఆ యొడంబడికకై ఆగరాదు. రైతుసంఘములును జాతులవారును ఈ యొక్క కోరికనైన ఏకకంఠముతో వాషింగ్టనునకు పంపినచో, 2010లో చేసిన చేవ్రాళ్లకు ఇంకను విలువ కలదని యెరుగుదుము.